జీరో బిల్లు ఇంట్లో ఏ బల్బు పెట్టాలి?

ఎల్ఈడీ బల్బు కరెంటు ఆదా చేస్తుందన్న సంగతి ఇప్పుడు ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఏ ఎలక్ట్రికల్ దుకాణానికి పోయినా ఎల్ఈడీలే ముందు కనిపిస్తాయి. పాత గుండు బల్బు అడిగితే వెనక అరలో వెతికి తీసిస్తారు. ఇళ్లలోకి వెళ్లి చూస్తే మాత్రం కథ వేరు. ముందు గదిలో ఎల్ఈడీ ఉంటుంది. వంటింట్లో చోకుతో నడిచే పాత ట్యూబులైటు, బాత్రూంలో 60 వాట్ల గుండు బల్బు, పడకగదిలో రాత్రంతా వెలిగే జీరో బల్బు, పశువుల కొట్టంలో ఎప్పటిదో సీఎఫ్ఎల్. వీటిలో ఏది వెంటనే మార్చాలి, ఏది మార్చినా పెద్దగా ఒరిగేది లేదు, ఏది అలాగే ఉండాలి అన్నది బల్బు డబ్బా మీద రాసి ఉండదు. ఆ బల్బు రోజుకు ఎన్ని గంటలు వెలుగుతుంది, ఆ ఇంటి మీటరు నెలాఖరుకు ఏ అంకె దగ్గర ఆగుతుంది అన్న రెండు లెక్కల్లోనే జవాబు దొరుకుతుంది.

ముందు మీటరు సంగతి. 2022 ఏప్రిల్‌లో తెలంగాణలో అమల్లోకి వచ్చిన టారిఫ్ ప్రకారం నెలకు 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు 1.95 రూపాయల చొప్పున, తర్వాతి 50 యూనిట్లు 3.10 చొప్పున పడతాయి. వంద దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. రెండు వందలు దాటితే మొదటి 200 యూనిట్లకు 5.10, ఆపైన 300 దాకా 7.70. ఇందులో కిటుకేమిటంటే, ఈ వంద, రెండు వందల గీత దాటితే దాటిన యూనిట్‌కే కాదు, అంతకుముందు వాడిన వాటన్నిటికీ రేటు మారుతుంది. సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు. 201 కాలిస్తే 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల పైచిలుకు. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, సుంకం వీటికి అదనం.

2024 మార్చి నుంచి అమలవుతున్న ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి ఈ 200 గీతను ఇంకా పదునెక్కించింది. అర్హత ఉన్న తెల్ల రేషన్ కార్డు ఇంటికి 200 యూనిట్ల లోపయితే జీరో బిల్లు. దాటితే మొత్తం కట్టాలి. మినహాయింపు పోను మిగిలిన యూనిట్లకే బిల్లు వస్తుందని చాలామంది మొదట్లో అనుకున్నారు, అలా కాదు. అంటే 200వ యూనిట్ దాకా సున్నా, 201వ యూనిట్‌తో వెయ్యి దాటిన బిల్లు.

ఇప్పుడు ఒక మామూలు ఇంటి బల్బుల్ని లెక్కేద్దాం. రెండు 60 వాట్ల గుండు బల్బులు రోజుకు ఐదేసి గంటలు, చోకుతో కలిపి 52 వాట్లు లాగే పాత ట్యూబులైటు ఆరు గంటలు, 15 వాట్ల జీరో బల్బు రాత్రికి తొమ్మిది గంటలు. నెలకు ఇవి సుమారు 31 యూనిట్లు కాలుస్తాయి. వాటి చోట రెండు 9 వాట్ల ఎల్ఈడీలు, ఒక 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు, అర వాటు నైట్ ల్యాంపు పెడితే ఆరున్నర యూనిట్లు కూడా కావు. మిగులు 25 యూనిట్లు.

ఆ 25 యూనిట్ల విలువ ఇంటింటికీ ఒకటి కాదు. నెలకు 90 యూనిట్లు వాడి బిల్లు కట్టే ఇల్లు 65కు దిగితే మిగిలేది 77 రూపాయలు. 215 వాడే ఇల్లు 190కి దిగితే 363 రూపాయలు. గృహజ్యోతి ఉన్న ఇల్లు అదే 215 నుంచి 190కి దిగితే బిల్లు మొత్తం ఎగిరిపోతుంది. అదే పథకంలో ఉండి నెలకు 150 యూనిట్లే వాడే ఇంటికి మాత్రం బల్బులు మార్చినా మార్చకపోయినా చేతిలో పైసా మారదు. అవే బల్బులు, అంతే ఆదా, ఫలితం మాత్రం సున్నా నుంచి వెయ్యి దాకా. బల్బు కొంటే ఏడాదికి ఇంత మిగులుతుందని ప్రకటనల్లో చెప్పే ఒకే అంకెను అందుకే నమ్మలేం.

ఈ లెక్క నుంచి కాస్త ఇబ్బందికరమైన విషయం ఒకటి బయటపడుతుంది. గీతకు చాలా కింద ఉన్న ఇంటికి పొదుపు చేయాల్సిన అవసరం పథకమే లేకుండా చేసింది. ఆ ఇంట్లో కాలే ప్రతి యూనిట్‌కూ ప్రభుత్వమే కరెంటు పంపిణీ సంస్థ డిస్కంకు డబ్బు కడుతుంది. బల్బు మారిస్తే లాభం ఖజానాదే, బల్బు కొనే ఖర్చు మాత్రం ఇంటివాళ్లది. జీరో బిల్లుతో పాటు ఇంటికి నాలుగు ఎల్ఈడీలు చేతిలో పెట్టి ఉంటే ప్రభుత్వానికే కలిసొచ్చేది. పైగా ఇళ్లలో లైట్లన్నీ దాదాపు ఒకే వేళకు, పొద్దు గుంకాక వెలుగుతాయి. సాయంత్రపు ఆ గిరాకీ తట్టుకోవడానికి శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రంలో, నాగార్జునసాగర్‌లో టర్బైన్లు సిద్ధంగా ఉండాలి. రిజర్వాయర్లు అడుగంటిన ఏడాది ఆ వేళ కరెంటు మరీ ఖరీదు.

దేశంలో ఎల్ఈడీ ధర దిగింది కూడా సర్కారు టోకున కొన్నందువల్లే. 2014లో కేంద్ర విద్యుత్ శాఖ కింద పనిచేసే ఈఈఎస్ఎల్ సంస్థ ఒక్కో బల్బును 310 రూపాయలకు కొన్నది. 2015 జనవరిలో ఇళ్లకు చౌకగా ఎల్ఈడీలు ఇచ్చే ఉజాలా పథకం మొదలై కోట్ల సంఖ్యలో ఆర్డర్లు పడేసరికి రెండు మూడేళ్లలోనే ఆ ధర 40 లోపుకు వచ్చింది. దేశమంతటా 36 కోట్లకు పైగా బల్బులు ఆ పథకం కింద ఇళ్లకు చేరాయి.

ఇక గంటల లెక్క. బాత్రూంలో గుండు బల్బు ఉంటే చూసేవాళ్లకు నామోషీగా అనిపించవచ్చు గానీ, రోజుకు ఇరవై నిమిషాలు వెలిగే 60 వాట్ల బల్బు నెలంతా కలిపి 0.6 యూనిట్ కాలుస్తుంది. దాన్ని ఎల్ఈడీ చేస్తే నెలకు ఒకటి రెండు రూపాయలు మిగులుతాయి. కొత్త బల్బు ఖరీదు రావడానికే ఏళ్లు పడుతుంది. అది మాడిపోయే దాకా ఉంచి, మాడినప్పుడు ఎల్ఈడీ పెడితే చాలు. స్టోరు గదికీ, మేడమెట్ల కిందికీ ఇదే మాట.

జీరో బల్బు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. పేరు జీరో గానీ ఆ చిన్న ఫిలమెంట్ బల్బు 12 నుంచి 15 వాట్లు లాగుతుంది. ముందు గదిలో బ్రహ్మాండంగా వెలిగే 9 వాట్ల ఎల్ఈడీ కంటే ఎక్కువ! రాత్రికి తొమ్మిది గంటల చొప్పున నెలకు నాలుగు యూనిట్లు. దేవుడి గదిలో పగలూ రాత్రీ వెలిగేది ఇంకొకటి ఉంటే దానికి మరో పది పదకొండు యూనిట్లు. 200 గీతకు దగ్గరగా ఉన్న ఇంట్లో మొట్టమొదట మార్చాల్సింది ఇవే. అర వాటు ఎల్ఈడీ నైట్ ల్యాంపు రాత్రి పూట మాత్రమే వెలిగితే నెలకు 0.15 యూనిట్ కూడా కాల్చదు.

అయితే మే నెలలో కూలర్ తిరగడం మొదలయ్యాక బల్బుల మీదే ఆశ పెట్టుకుంటే పని జరగదు. 150 వాట్ల కూలర్ ఎనిమిది గంటలు నడిస్తే నెలకు 36 యూనిట్లు. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లతో రోజుకు పదిహేను గంటలు తిరిగితే దాదాపు 34. అదే పని 30 వాట్ల లోపు చేసే బీఎల్‌డీసీ ఫ్యాన్లు వచ్చాయి. ఇంట్లో బల్బులన్నీ మార్చేసి, ఇంకా బిల్లు దిగలేదేమిటని మీటరును అనుమానించే ముందు పైకి చూడాలి.

అసలు గుండు బల్బు అంత కరెంటు ఎందుకు తింటుంది? టంగ్‌స్టన్ తీగ సుమారు రెండున్నర వేల డిగ్రీల వేడెక్కితే గానీ వెలగదు. మీటరులో కొలిచిన కరెంటులో పది శాతం కూడా వెలుతురుగా రాదు, మిగతాదంతా వేడే. నల్లగొండ ఎండాకాలంలో రాత్రి పది దాటినా స్లాబు సెగ కక్కుతుంటుంది. ఆ గదిలో రెండు గుండు బల్బులంటే 120 వాట్ల హీటరు పెట్టుకున్నట్టే. దాని ఆయుష్షు మామూలుగా వెయ్యి గంటలు. అందుకు కారణం పూర్తిగా సాంకేతికమైనదే కాదు. 1924లో జెనీవాలో ప్రపంచంలోని పెద్ద బల్బు కంపెనీలు కూడబలుక్కుని బల్బు వెయ్యి గంటలకు మించి బతకకుండా చూసుకున్నాయి. ఎక్కువ బతికే బల్బు చేసిన కంపెనీకి జరిమానా కూడా వేసుకున్నాయి.

ఈ జిల్లాల్లో గుండు బల్బుకు మరో శత్రువు ఓల్టేజి. ఊరికి కరెంటు తెచ్చే ఫీడరు లైను మీదే బోరు మోటర్లు కూడా ఉన్నచోట, యాసంగి వరికి నీళ్లు పారే నెలల్లో, లైను చివరి ఇళ్లకు ఓల్టేజి 180కి పడిపోవడం వింతేమీ కాదు. 230 ఓల్టుల దగ్గర 60 వాట్లు లాగే గుండు బల్బు 180 దగ్గర 40 వాట్లు లాగుతుంది. కరెంటు తగ్గిందిగా అనుకోవడానికి లేదు. వెలుతురు సగానికి కంటే కిందికి పడిపోతుంది. పిల్లలు పుస్తకం పట్టుకుని బల్బు కిందికి జరుగుతుంటారే, ఆ గుడ్డి వెలుతురు అదే. మోటర్లు ఆగాక ఓల్టేజి ఒక్కసారిగా ఎగబాకుతుంది. 250 దగ్గర అదే తీగ ఆయుష్షు మూడో వంతుకు కుంగుతుంది. కొన్ని ఊళ్లలో గుండు బల్బులు నెలకొకటి మాడిపోవడానికి కారణం బల్బు నాసిరకం కావడమే కాదు.

మంచి ఎల్ఈడీలో లోపల డ్రైవర్ అనే చిన్న సర్క్యూటు ఉంటుంది. బయట ఓల్టేజి ఎలా ఊగినా, 140 అయినా 280 అయినా, వెలుగిచ్చే చిప్పులకు పోయే కరెంటును అది ఒకే తీరుగా ఉంచుతుంది. కాబట్టి తక్కువ ఓల్టేజి ఊళ్లో ఎల్ఈడీకి వెళ్లడానికి ఆదా కంటే ఇదే బలమైన కారణం. జీరో బిల్లు ఇంటికైనా ఇది వర్తిస్తుంది. చోకు ట్యూబులైటు తక్కువ ఓల్టేజిలో స్టార్టరు కొట్టుకుంటూ వెలగనే వెలగదు. ఎల్ఈడీ ట్యూబుకు ఆ బాధ లేదు.

మరి ఇరవై అయిదు వేల గంటలని డబ్బా మీద రాసిన బల్బు ఏడాదిన్నరకే ఎందుకు పోతోంది? ఇది న్యాయమైన ఫిర్యాదే. ఆ అంకె చిప్పులది, అదీ వెలుతురు 70 శాతానికి తగ్గే దాకా. చిప్పుల కంటే ముందు పోయేది డ్రైవరే. అందులో కరెంటు ఎగుడుదిగుళ్లను సరిచేసే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ అనే భాగానికి వేడి పడదు. చుట్టూ వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడిపోతుంది. అందుకే గాలి ఆడని గాజు డోములో, ఫాల్స్ సీలింగు గుంటలో, రేకుల కప్పుకు ఆనుకుని బిగించిన ఎల్ఈడీలు త్వరగా చస్తాయి. గుండు బల్బు అలాంటి చోట ఏళ్ల తరబడి నెట్టుకొచ్చింది కదా అని ఎల్ఈడీని కూడా అందులోనే మూసిపెట్టకూడదు. డోము తీసేయడమో, హోల్డరును కప్పు నుంచి జానెడు కిందికి దించడమో చేస్తే బల్బు ఇంకొంతకాలం నడుస్తుంది.

పోయిన ఎల్ఈడీ తెల్ల టోపీ విప్పి చూస్తే అల్యూమినియం పళ్లెం మీద గుండ్రంగా పసుపు చిప్పులు కనిపిస్తాయి. వాటిలో ఒకదాని మధ్యన నల్లటి చుక్క ఉంటుంది. చిప్పులన్నీ వరసగా ఒకే దారిలో ఉంటాయి గనుక ఆ ఒక్కటి పోతే బల్బంతా ఆరిపోతుంది. బస్టాండ్ల దగ్గర రిపేరు చేసేవాళ్లు ఆ చిప్పును దాటేసి రెండు కొసలనూ టంకంతో కలిపేస్తారు, బల్బు మళ్లీ వెలుగుతుంది. పదో పరకో ఇచ్చి చేయించుకోవడంలో తప్పు లేదు. కానీ ఒక చిప్పు మాడిందంటే మిగతావీ అదే వేడిలో మగ్గినవే, వాటి వంతు కూడా దగ్గర పడ్డట్టే. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే మాత్రం ఏ బల్బూ ఆగదు. 400 ఓల్టుల దాకా ఎక్కి, వీధి మొత్తంలో టీవీలతో సహా మాడిపోతాయి. అది లైన్‌మన్ చూడాల్సిన పని.

స్విచ్చి ఆపినా ఎల్ఈడీ మిణుకుమిణుకుమంటుంటే బల్బు చెడిపోయిందనుకుని దుకాణం మీదికి పోతారు. చాలాసార్లు తప్పు వైరింగుది. స్విచ్చిని ఫేజు మీద కాక న్యూట్రల్ మీద పెట్టి ఉంటారు, లేదంటే స్విచ్చిలో చిన్న ఇండికేటర్ దీపం ఉంటుంది. ఆ కాస్త కరెంటు కారినా ఎల్ఈడీ పట్టేసుకుంటుంది. గుండు బల్బుకు అంత తక్కువ కరెంటు ఆనదు కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. స్విచ్చి న్యూట్రల్ మీద ఉంటే ఆపినా హోల్డరులో కరెంటు ఉన్నట్టే. బల్బు మార్చడానికి స్టూలెక్కే ముందు ఆ సంగతి ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి.

కొనేటప్పుడు వాట్లు చూసి కొనే అలవాటు ఇక పనికిరాదు. వెలుతురును కొలిచేది ల్యూమెన్లలో, 60 వాట్ల గుండు బల్బు ఇచ్చేది ఏడు వందల ల్యూమెన్లు. 9 వాట్ల ఎల్ఈడీ ఎనిమిది వందలకు తక్కువ ఇస్తే అది డబ్బుకు తగ్గ సరుకు కాదు. ఎల్ఈడీ బల్బులకు కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ స్టార్ లేబుల్ 2018 నుంచి తప్పనిసరి. వాటుకు ఎన్ని ల్యూమెన్లు అన్నదాన్ని బట్టే ఆ స్టార్లు పడతాయి. అంగడిలో నేల మీద గుడ్డ పరిచి అమ్మే లూజు బల్బుల మీద స్టారూ ఉండదు, నాణ్యతకు వేసే బీఐఎస్ గుర్తూ ఉండదు. చాలావాటిలో సరైన డ్రైవరూ ఉండదు. దుకాణంలోనే వెలిగించి ఫోన్ కెమెరా పెట్టి చూస్తే తెరమీద నల్ల చారలు కదులుతుంటే ఆ బల్బు కంటికి కనపడనంత వేగంగా కొట్టుకుంటోందని అర్థం. చదువుకునే బల్ల మీదికి అలాంటిది వద్దు. ఇంకొక చిన్న పని: కొన్న తేదీని బల్బు అడుగున మార్కర్‌తో రాసి, బిల్లు దాచాలి. రెండేళ్ల గ్యారంటీ ఉన్న బల్బును ఏడాదికే చెత్తలో వేసే ఇళ్లే ఎక్కువ.

రంగు విషయంలో ఇక్కడి జనానికి తెల్లటి వెలుగే వెలుగు. 6,500 కెల్విన్ల (వెలుగు రంగును కొలిచే లెక్క ఇది) చల్లటి తెలుపు లేకపోతే బల్బు డల్‌గా ఉందంటారు. వంటింటికీ చదువుకీ అది బాగానే ఉంటుంది. పడకగదికి 3,000 కెల్విన్ల పసుపు వెలుతురు మేలు, నీలం పాలు ఎక్కువైన కాంతి నిద్రను వెనక్కి నెడుతుంది. వాకిట్లోకి కూడా పసుపుదే మంచిది. తొలకరి పడ్డ రాత్రి ఉసిళ్లు తెల్లబల్బు మీద ముసిరినంతగా దాని మీద ముసరవు.

రంగుల దగ్గర గుండు బల్బుకు ఒక గొప్ప ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. తెల్ల ఎల్ఈడీ నిజానికి నీలి ఎల్ఈడీ. దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత పూస్తే రెండూ కలిసి తెలుపుగా కనిపిస్తాయి. ఆ నీలి ఎల్ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. కానీ ఈ పద్ధతిలో ఎరుపు పాలు తక్కువ పడుతుంది. రంగుల్ని ఉన్నదున్నట్టు చూపడానికి కొలత సీఆర్ఐ. గుండు బల్బుకు అది నూటికి దగ్గర, మామూలు ఎల్ఈడీకి 80. మామూలు ఇంటికి ఈ తేడా లెక్కలోది కాదు. పాత నల్లగొండ జిల్లా పుట్టపాకలో మగ్గం ముందు కూర్చున్నవాళ్లకు లెక్కలోదే. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన అక్కడి తేలియా రుమాలు అనే నేత బట్ట రంగులే ఎరుపు, నలుపు, తెలుపు. చిటికి కట్టి, అంటే పోగుల్ని అక్కడక్కడ బిగించి కట్టి, అద్దిన ఎర్ర నూలు ఒక కండెకూ ఇంకో కండెకూ కలిసిందా లేదా అన్నది చౌక ఎల్ఈడీ కింద తేలదు, పగటి వెలుగులోకి పట్టుకెళ్లి చూసుకోవాలి. గద్వాల, నారాయణపేట మగ్గాలకూ అంతే. 90కి పైన సీఆర్ఐ ఉన్న ఎల్ఈడీలు దొరుకుతాయి, ధర ఎక్కువ. ఇంటినిండా అక్కర్లేదు, మగ్గం మీద ఒక్కటి చాలు.

మిగిలిన సీఎఫ్ఎల్‌ల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. కొత్తగా కొనాల్సిన పని లేదు, వెలిగినన్నాళ్లు వెలగనివ్వవచ్చు. లోపల కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది కనుక పగిలితే కిటికీలు తెరిచి, కాసేపు గది వదిలి, తర్వాత ముక్కల్ని అట్టతో ఎత్తి తడిగుడ్డతో తుడవాలి. చీపురు పెట్టకూడదు.

గుండు బల్బు ఇప్పటికీ తన వేడి వల్లే పనికొచ్చే చోటు ఒకటుంది. షాద్‌నగర్, జడ్చర్ల వైపు కోళ్ల షెడ్లలో. ఒక రోజు వయసున్న కోడిపిల్ల సొంతంగా ఒంటి వేడి నిలుపుకోలేదు. మొదటి వారం దాని చుట్టూ 35 డిగ్రీలకు దగ్గరగా వేడి ఉండాలి, ఆ తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. ఊక పరిచి, చుట్టూ రేకు గుండ్రంగా నిలబెట్టి, పైన 60, 100 వాట్ల బల్బులు వేలాడదీస్తారు, పిల్లకు ఒకటి రెండు వాట్ల చొప్పున. థర్మామీటరు లేకపోయినా పిల్లల్ని చూస్తే తెలిసిపోతుంది. బల్బు కింద ఒకదానిమీద ఒకటి ఎక్కి కుప్పపడితే చలి, రేకు అంచులకు పోయి ముక్కు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువ, రింగంతా సమంగా చెదిరి మేత ఏరుకుంటుంటే సరిపోయినట్టు. ఆదా అవుతుందని ఇక్కడ ఎల్ఈడీ పెడితే తెల్లారేసరికి పిల్లలు చనిపోయి ఉంటాయి. పెద్ద ఫారాలు గ్యాసుతో వేడి ఇచ్చే బ్రూడర్లకు మారాయి గానీ, రెండు మూడు వందల పిల్లల్ని పెంచే చిన్న షెడ్లు ఇంకా బల్బు మీదే నడుస్తున్నాయి. రెక్కలకు ఈకలు వచ్చి మూడు వారాలు దాటాక రేకు తీసేస్తారు, గుండు బల్బులు దించేస్తారు. ఆ తర్వాత రాత్రి మేతకు కావలసిన కాస్త వెలుతురుకు ఎల్ఈడీ సరిపోతుంది.